సముద్రాలు నాలుగా, ఏడా?

మా తాతగారు శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా తిరిగి చిన్న బడులలో పాఠాలు చెప్పి, ఉద్యోగం ముగిశాక నరసన్నపేట దగ్గరి సొంత ఊరిలోనే శేషజీవితం గడిపారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్నటి సంక్రాంతికి మేము విజయనగరం నుంచి ఆ ఊరు వెళ్ళినప్పుడు, అటక మీది రేకుపెట్టెను పెదనాన్నగారు కిందికి దింపించారు. పాత పంచాంగాలు, శిస్తు రసీదుల అడుగున ఒక పొడవాటి నోటుపుస్తకం ఉంది. నీలి సిరాతో, ఒత్తులు కూడా విడివిడిగా కనిపించే ఆయన గుండ్రని చేతిరాతతో, ఒక పుటలో ఒకే ఒక్క పద్యం రాసి ఉంది. దాని మొదటి రెండు పాదాలు, మూడో పాదపు ఆరంభం ఇలా ఉన్నాయి.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియద్గజాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

చదవగానే గుర్తుపట్టాను. పదకొండవ శతాబ్దంలో మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యమిది. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గడులకూ కలిపి వచ్చే మొత్తం ఈ పద్యంలో ఉంది. ఆ బియ్యపు కుప్ప ఎంత ఎత్తు ఉంటుందన్నది అందరూ చెప్పే కథే కనుక దానిని వదిలేస్తాను. నేను చెప్పదలచుకున్నది, ఆ సంఖ్య తన పద్యాన్ని తానే ఎలా కాపాడుకోగలదన్న విషయం.

పద్యంలోని ప్రతి మాటా ఒక అంకె. శరమన్నా సాయకమన్నా మన్మథుని బాణాలు కనుక 5. శశి, చంద్రుడు, తుహినాంశుడు ముగ్గురూ ఒక్క చంద్రుడే కనుక 1. షట్కం 6, తర్కాలు కూడా ఆరే. శరీరానికి నవరంధ్రాలు కనుక రంధ్రం 9. వియత్తు, గగనం అంటే ఆకాశం, అంటే శూన్యం, కనుక 0. అగ్నులు మూడు. భూధరం, గిరి అంటే కొండలు, కులపర్వతాలు ఏడు. వేదాలు నాలుగు, పద్మజుడైన బ్రహ్మకు ముఖాలు నాలుగు. గజమన్నా కుంజరమన్నా దిగ్గజాలు కనుక 8. అబ్ధి, పయోనిధి అంటే సముద్రాలు. అంకెలు ఎడమవైపుకు నడుస్తాయన్నది ఈ లెక్కకు నియమం కనుక, మొదటి మాట ఒకట్ల స్థానంలోనూ, రెండోది పదుల స్థానంలోనూ వేసుకుంటూ పోవాలి.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చొని మా పాపకు ఇదంతా చెబుతూ, సముద్రాలను నాలుగుగా తీసుకొని 18446744073809551615 అని కాగితం మీద రాశాను. పాప తొమ్మిదో తరగతి చదువుతోంది. రాసినదాన్ని ఒకసారి చూసి, “అమ్మా, సప్తసముద్రాలు కదా, నువ్వు నాలుగని ఎందుకు రాశావు?” అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. మన కవులు నాలుగు దిక్కుల సముద్రాలనూ చెప్పారు, ఏడు సముద్రాలనూ చెప్పారు. ఇలా మాటలతో అంకెలు చెప్పే భూతసంఖ్యలలో సముద్రానికి నాలుగనే వాడుక ఎక్కువే అయినా, ఏడని చెప్పడమూ ఉంది. ఈ పద్యంలో సముద్రం రెండు చోట్ల వచ్చింది కనుక, ఒకే పద్యాన్ని నాలుగు విధాలుగా చదవవచ్చు. ఆ నాలుగింటిలో మల్లన ఉద్దేశించినది ఏది? ఫోనులోని క్యాలిక్యులేటర్‌ను అడిగితే అది మొదటి కొన్ని అంకెలు చూపించి, మిగిలినవాటిని పది ఘాతంలో దాచేసింది. కాగితమే శరణ్యమైంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేద్దామనుకున్నాను. చదరంగపు గడులను మొదటి నుంచి రెండేసి చొప్పున జత కట్టండి. మొదటి జతలో 1, 2 కలిపి 3. రెండో జతలో 4, 8 కలిపి 12. మూడో జతలో 16, 32 కలిపి 48. ప్రతి జతా దాని ముందు జతకు నాలుగు రెట్లు కనుక, అన్ని జతలూ 3కు గుణిజాలే. ముప్ఫై రెండు జతల మొత్తం కూడా 3తో నిశ్శేషంగా భాగించబడి తీరాలి. ఒక సంఖ్య 3తో భాగించబడుతుందో లేదో తెలుసుకోవాలంటే దాని అంకెలను కూడితే చాలునని బడిలో నేర్చుకున్నాం. నేను రాసిన సంఖ్యలోని అంకెల మొత్తం 88 అయింది. అది 3తో పోదు.

అయితే సముద్రాలు ఏడేనేమో అనుకోవడానికి కూడా వీలు లేదు. నాలుగుకూ ఏడుకూ తేడా మూడు. ఒక సముద్రాన్ని ఏడుగా చదివితే మొత్తం 91 అవుతుంది, రెండింటినీ ఏడుగా చదివితే 94 అవుతుంది. 88, 91, 94 మూడింటిలో ఏదీ 3తో భాగించబడదు. సముద్రాల సంగతి ఈ పరీక్షకు కనబడదు, కనబడకపోవడం వల్లనే అది మరో సంగతిని బయటపెట్టింది. సముద్రాలు ఎన్నైనా సరే, ఈ పుటలో ఇంకెక్కడో ఒక మాట తప్పు.

తాతగారి రాతలో తప్పు ఉందని అనుకోవడానికి నాకు మనసొప్పలేదు. నా కూడికే తప్పేమోనని మూడుసార్లు కూడాను. తరువాత లోపలికి వెళ్ళి, దీపం దగ్గర కూర్చొని గుణకారం మొదలుపెట్టాను.

అరవై మూడు సార్లు రెట్టించుకుంటూ పోనక్కరలేదు. రెండును వర్గం చేస్తే 4, దానిని వర్గం చేస్తే 16, మళ్ళీ 256, మళ్ళీ 65536, మళ్ళీ 4294967296. ఇది 2³². దీనిని ఇంకొక్కసారి వర్గం చేసి, ఒకటి తీసేస్తే మనకు కావలసిన మొత్తం వస్తుంది. ఆ చివరి వర్గం కోసం సంఖ్యను 42949 అనీ 67296 అనీ రెండు ముక్కలు చేశాను. మొదటి ముక్క వర్గం 1844616601. రెండో ముక్క వర్గం 4528751616. రెండింటి లబ్ధానికి రెట్టింపు 5780591808. మొదటిదాని పక్కన పది సున్నలు, చివరిదాని పక్కన అయిదు సున్నలు పెట్టి మూడింటినీ కూడితే 18446744073709551616 వచ్చింది. ఒకటి తీసేస్తే

18446744073709551615.

ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్ల పైచిలుకు. దీనిని తాతగారి పద్యం పక్కన పెట్టి, కుడి నుంచి ఒక్కొక్క అంకెనే మాటతో పోల్చుకుంటూ వెళ్ళాను. ఎనిమిది మాటల వరకూ అంతా సరిపోయింది. తొమ్మిదో మాట దగ్గర సంఖ్యలో 7 ఉంది, పద్యంలో గజం ఉంది. అక్కడ ఉండవలసింది నగం, అంటే కొండ. వియత్తు, నగం, అగ్ని కలిస్తే ‘వియన్నగాగ్ని’. తాతగారు ‘వియద్గజాగ్ని’ అని రాశారు.

తెలుగు పంతులైన ఆయన కంటికి ఇది ఎలా చిక్కలేదా అని కాసేపు ఆలోచించాను. పద్యం చంపకమాల. నగమన్నా గజమన్నా రెండూ లఘువులే, సంధి కూడా రెండు విధాలా చక్కగా కుదురుతుంది, గణం చెడదు. యతి ఆ చోట లేదు, ప్రాస అంతకన్నా లేదు. అదే ‘వేద గిరి’ని ‘గిరి వేద’ అని రాసి ఉంటే భగణం చెడి, చదువుతున్న నాలుక అక్కడే తడబడేది. రెండో పాదంలో వేదాన్నీ తర్కాన్నీ తారుమారు చేసి ఉంటే గణాలు నిలిచినా, ధకారానికి యతి నిలపవలసిన తకారం తప్పిపోయి చెవికి తెలిసిపోయేది. ఛందస్సు తన పరిధిలో గట్టి కాపలాయే, కానీ నగానికి గజం వచ్చినప్పుడు అది పట్టుకోలేదు. అక్కడ పట్టుకున్నది మూడు.

మర్నాడు పొద్దున్న పాపకు ఈ వైనమంతా చెప్పి, సముద్రాలు రెండు చోట్లా నాలుగేనని చూపించాను. దానికి తృప్తి కలగలేదు. అంత పెద్ద గుణకారం చేయకుండా ఆ సంగతి తేల్చలేమా అని అడిగింది. తేల్చవచ్చు. మూడుకు బదులు తొమ్మిదిని పిలవాలి. రెండును రెట్టిస్తూ పోతే తొమ్మిదితో వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1. ఆ తరువాత ఇవే ఆరు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. అరవై నాలుగును ఆరుతో భాగిస్తే నాలుగు మిగులుతుంది కనుక 2⁶⁴కు శేషం వరుసలో నాలుగోదైన 7. ఒకటి తీసేశాం కనుక మన సంఖ్యకు శేషం 6 రావాలి. నగాన్ని సరిదిద్దాక, సముద్రాలు రెండూ నాలుగైతే అంకెల మొత్తం 87. తొమ్మిదితో శేషం 6. ఒకటి ఏడైతే 90, శేషం సున్న. రెండూ ఏడైతే 93, శేషం 3. మొదటిదొక్కటే నిలుస్తుంది. మల్లన సముద్రాలు నాలుగే.

విజయనగరం తిరిగి వచ్చాక కూడా ఈ సంఖ్య నన్ను వదలలేదు. కాలేజీలో ఇంటర్ పిల్లలకు గణితం చెప్పే నాకు దీని కారణాంకాలు తెలియనివి కావు, కానీ చదరంగపు బల్లను ఎదురుగా పెట్టుకొని వాటిని చూడటం అప్పుడే తట్టింది. జత గడులు 3 ఇచ్చాయి కదా. నాలుగేసి గడులను కలిపితే మొదటి గుంపు 1, 2, 4, 8, మొత్తం 15. అంటే మూడుతో పాటు 5 కూడా వచ్చి చేరింది. ఎనిమిదేసి గడులను, అంటే ఒక వరుస మొత్తాన్ని కలిపితే 255. అది 15ను 17తో గుణించినది. రెండు వరుసలు కలిపితే 65535. అది 255ను 257తో గుణించినది. నాలుగు వరుసలు, అంటే సగం బల్ల, 4294967295. అది 65535ను 65537తో గుణించినది. మిగిలిన సగం బల్లలోని మొత్తం మొదటి సగానికి 4294967296 రెట్లు కనుక, బల్ల మొత్తం కావాలంటే మొదటి సగాన్ని 4294967297తో గుణించాలి. బల్లను మడత పెట్టిన ప్రతిసారీ ఒక కొత్త కారణాంకం రాలిపడుతుంది: 3, 5, 17, 257, 65537, 4294967297.

వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలు. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనని నమ్మాడు. అయిదింటి దాకా ఆయన నమ్మకం నిలిచింది. ఆరోదానిని 1732లో ఆయిలర్ విరిచాడు. 4294967297ను 641తో భాగిస్తే 6700417 వస్తుంది, శేషం ఏమీ ఉండదు.

ఆ 641 ఎలా భాగిస్తుందో చూపే చిన్న నిరూపణ ఒకటి నాకు ఎంతో ఇష్టం. ఏటా కాలేజీలో కనీసం ఒక్కసారైనా బోర్డు మీద రాస్తాను. 641ని రెండు విధాలుగా చూడాలి. ఒక విధంగా అది 640కి ఒకటి ఎక్కువ, అంటే 5 × 2⁷ + 1. మరో విధంగా అది 625, 16ల మొత్తం, అంటే 5⁴ + 2⁴. మొదటి చూపు ప్రకారం, 641తో భాగించినప్పుడు 5 × 2⁷ కు శేషం −1. దానిని నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ కు శేషం 1. రెండో చూపు ప్రకారం 5⁴ ఉన్న చోట −2⁴ పెట్టుకోవచ్చు. పెడితే −2³² కు శేషం 1 అని తేలుతుంది, అంటే 2³² + 1 కు శేషం సున్న. నాలుగు వాక్యాలలో పది అంకెల సంఖ్య చీలిపోతుంది. భాగహారం ఒక్కటీ చేయలేదు. మొదటిసారి దీనిని చదివినప్పుడు పుస్తకం మూసి, నాగావళి వంతెన దాటేవరకూ బస్సు కిటికీలోంచి బయటకు చూస్తూ దీనినే మననం చేసుకున్నాను.

6700417 కూడా ప్రధానమే. కనుక మల్లన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు సరిగ్గా ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఒక్కటీ రెండోసారి రాదు. అందువల్ల ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 2⁷, అంటే 128. ఫెర్మా వరుసలోని మొదటి అయిదింటికీ, అంటే 3, 5, 17, 257, 65537లకు, ఇంకొక ఘనత ఉంది. వృత్తలేఖిని, గుర్తులు లేని బద్ద మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమబహుభుజిని గీయవచ్చునని 1796లో గౌస్ కనుగొన్నాడు. బేసి సంఖ్యలో భుజాలున్న క్రమబహుభుజులలో, ఇలా గీయవచ్చునని నేటివరకూ తెలిసినవాటిలో అతి పెద్దదానికి భుజాలు 4294967295. అవి సగం బల్లలో పట్టే గింజలు. ఇక మన సంఖ్యకు రెండు కలిపితే వచ్చే 18446744073709551617, అదే ఫెర్మా వరుసలో తరువాతిది, 274177తో పోతుందని 1880లో లాండ్రీ చూపించాడు.

మళ్ళీ పద్యం దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఇక్కడ నా వంతు తప్పు కూడా ఒకటి ఉంది. ఈ పద్యం నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. కాగితం చూడకుండా చదివినప్పుడు నేను ‘శర శశి చంద్ర షట్క’ అంటున్నానని ఆ నోటుపుస్తకం చూశాకే గ్రహించాను. షట్కమూ చంద్రుడూ రెండూ ఒక గురువు, ఒక లఘువు. అటూ ఇటూ మారినా చంపకమాల చెక్కుచెదరదు, యతి అంతకు అవతల ఉన్న సాయకం మీద ఉంది. చంద్రుడు శశి పక్కన చేరడం సహజంగా కూడా తోచి ఉంటుంది. కానీ చివరి నాలుగు అంకెలు 1615 కావలసింది 6115 అయిపోతాయి. ఈ తప్పును 3 పట్టుకోలేదు, అంకెల మొత్తం అదే కనుక 9 కూడా పట్టుకోలేదు, చివరి అంకె అయిదే కనుక 5కూ చిక్కదు.

దీనికి 17 కావాలి. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే సంఖ్యలో వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదిని ఆ అంకెల తేడాతోనూ, ఒక పది ఘాతంతోనూ గుణించినదే. అందులో 17 ఎన్నడూ దూరలేదు. అలాగే ఒకే ఒక్క అంకె మారినా 17 దానిని పట్టి తీరుతుంది. కాబట్టి పద్యంలో ఒక మాట చెడినా, పక్కపక్క మాటలు రెండు తారుమారైనా ఈ పరీక్షను తప్పించుకోలేవు. ఎడమ నుంచి ఒక్కొక్క అంకెనే దించుకుంటూ భాగిస్తే శేషాలు 1, 1, 14, 8, 1, 0, 4, 10, 15, 4, 9, 12, 1, 2, 8, 0, 1, 16, 8, 0 అని నడుస్తాయి. నడుమ రెండుసార్లు సున్నను తాకి, చివర సున్న దగ్గరే ఆగుతాయి. నేను చదివిన విధంగా చేస్తే, పదహారో అంకె దగ్గరి సున్న తరువాత 6, 10, 16, 12 అని పోయి, 12 మిగిలిపోతుంది. ఇరవై మెట్లు దిగే ఓపిక లేనివారికి ఇంకొక దారి ఉంది. సంఖ్యకు ఒకటి కలిపితే అది 2⁶⁴ కనుక 16తో పోవాలి, అందుకు చివరి నాలుగు అంకెలను చూస్తే చాలు. 1616లో పదహారు నూటొక్కసారి ఉంది. 6116లో పదహారు పూర్తిగా పట్టదు, నాలుగు మిగులుతుంది.

గత ఆదివారం పెదనాన్నగారు ఫోను చేశారు. “ఏటమ్మా, నాన్న పుస్తకంలో ఏటో తప్పు దొరికిందన్నావట?” అని అడిగారు. నగం, గజం సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, ఆ పద్యాన్ని ఫోనులోనే రాగం తీసి చదివారు. తాతగారు తనకు నేర్పినట్టే చదువుతున్నానన్నారు. మొదటి పాదం చివరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి విన్నాను. ‘రంధ్ర వియన్నగాగ్ని భూ’ అన్నారు. తాతగారి నోట పద్యం సరిగానే ఉంది. ఆ పుట రాసిన రోజున కలం ఒక్క మాట దగ్గర జారింది. సిరా రాతను కొట్టేయకుండా, ఆ మాట కింద పెన్సిలుతో సన్నని గీత గీసి, అంచున ‘న్నగా, 7’ అని రాసి పెట్టాను.

257తో భాగించి చూసే పనిని పాప తనంతట తాను తీసుకుంది. రెండు పుటలు నింపి, భాగఫలం 71777214294589695 అని తేల్చి, అట్టడుగున వచ్చిన సున్న చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం గీసింది. ఆ కాగితాన్ని మడిచి తాతగారి పుటలోనే పెట్టాము.